ఎత్తైన ప్రాంతాల్లో క్లస్టర్ తలనొప్పి: లద్దాఖ్ వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

కంటి చుట్టూ ఒక పక్కనే విడతలు విడతలుగా పోట్లుగా వచ్చే తీవ్రమైన నొప్పి, అంటే క్లస్టర్ తలనొప్పికి ఉన్న వైద్యాలలో అత్యంత నమ్మకమైన వాటిలో ఒకటి స్వచ్ఛమైన ఆక్సిజన్. కొండ ఎక్కేకొద్దీ ముందుగా కరువయ్యేది కూడా ఆ ఆక్సిజనే. గాలిలో దాని శాతం ఎక్కడైనా 21 దగ్గరే ఉంటుంది గానీ, 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో గాలి పీడనం మన కోస్తా ఊళ్లలో ఉండే పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులే. 5,300 మీటర్లు దాటిన ఖార్దుంగ్ లా కనుమ దగ్గర అది సగానికి పడిపోతుంది. పీడనం తగ్గితే రక్తంలోకి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. నొప్పి విడత (వారాల తరబడి పోట్లు వచ్చే కాలం) నడుస్తున్న మనిషిలో ఈ తగ్గుదల ఒక్కటే పోటును రేపగలదని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. అందువల్ల ఈ జబ్బు ఉన్నవారికి కొండ మీద అందవలసిన వైద్యంలో ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, ఇంకా టికెట్లు కొనకముందే సిద్ధమై ఉండాలి. ఈ వ్యాసంలో లద్దాఖ్ ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. కేదార్‌నాథ్, అమర్‌నాథ్, మానససరోవర యాత్రలకు వెళ్లేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. ఇక్కడ రాసిన మోతాదులు మీ న్యూరాలజిస్టుతో మాట్లాడడానికి ఉపయోగపడాలని రాసినవి. ఆయన రాసిచ్చిన మందుకు బదులుగా వీటిని వాడకూడదు.

మొదటి మెట్టు: జబ్బు ఏదో తేల్చుకోవడం

క్లస్టర్ నొప్పి ఎప్పుడూ ఒక పక్కనే, కంటి లోపల, కనుబొమ మీద లేదా కణత దగ్గర వస్తుంది. మందు వేయకపోతే 15 నిమిషాల నుంచి 3 గంటల వరకు ఉంటుంది. రెండు రోజులకు ఒకసారి మొదలుకొని రోజుకు 8 సార్ల వరకు రావచ్చు. నొప్పి ఉన్న పక్కనే కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది లేదా కారుతుంది, కనురెప్ప వాలుతుంది. మైగ్రేన్ ఉన్నవారు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనుకుంటారు. క్లస్టర్ నొప్పి వచ్చినవారు కూర్చోలేక, పడుకోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతారు, కొందరు తలను గోడకేసి కొట్టుకుంటారు. చాలామందిలో ఈ పోట్లు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా ఒక విడతగా నడిచి, తర్వాత నెలల తరబడి జాడ లేకుండా పోతాయి. మన దగ్గర దీనిని ఏళ్ల తరబడి సైనస్ అనుకునో పన్ను నొప్పి అనుకునో వైద్యం చేయించుకున్నవారు ఉన్నారు. మీకు ఇంతవరకు న్యూరాలజిస్టు పేరు పెట్టి నిర్ధారణ చేయకపోతే, కొండ ప్రయాణానికి ముందే ఆ పని పూర్తి చేయించుకోవాలి, ఎందుకంటే ఎత్తు మీద తలనొప్పికి ప్రాణాంతకమైన కారణాలు ఇంకా కొన్ని ఉన్నాయి.

రెండవ మెట్టు: వెళ్లాలా, వాయిదా వేయాలా

విడత నడుస్తున్నప్పుడు 2,500 మీటర్లు దాటి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. విమానం టికెట్ డబ్బు పోతుందని వెళ్లే ప్రయాణం కాదిది. పోట్లు పూర్తిగా ఆగి కొన్ని వారాలు గడిచాకే తేదీ పెట్టుకోవాలి. గత రెండు మూడేళ్లలో విడతలు ఏ నెలల్లో మొదలయ్యాయో రాసుకుంటే, చాలామందికి ఏటా ఇంచుమించు ఒకే కాలంలో వస్తున్నట్టు కనిపిస్తుంది. ఆ కాలం జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాగే లద్దాఖ్ సీజనులో పడితే ప్రయాణాన్ని ముందుకో వెనక్కో జరుపుకోవాలి. ఏడాది పొడవునా విరామం లేకుండా పోట్లు వచ్చే దీర్ఘకాలిక రకం ఉన్నవారు న్యూరాలజిస్టు ఒప్పుకుంటేనే వెళ్లాలి. వెళ్లినా, అదే రోజు వాహనంలో కిందికి దిగగలిగే చోటే రాత్రి ఉండాలి. ఈ లెక్కన కైలాస పరిక్రమ వారికి తగదు. ఆ దారిలోని డోల్మా లా కనుమ 5,600 మీటర్లకు పైన ఉంటుంది, నడుమ దారిలో ఒకసారి చిక్కుకుంటే వెంటనే దిగే మార్గం ఉండదు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది, హెలికాప్టర్‌లో వెళితే ఆ ఎత్తుకు నిమిషాల్లో చేరతారు. దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోయే వీలుండడం ఒక్కటే అందులో ఊరట.

మూడవ మెట్టు: నెలా పదిహేను రోజుల ముందు న్యూరాలజిస్టును కలవడం

హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనైనా, మీ జిల్లాకు దగ్గరలోని బోధనాసుపత్రిలోనైనా, మీరు ఎప్పుడూ చూపించుకునే వైద్యుని దగ్గరైనా సరే, కనీసం ఆరు వారాల ముందే మాట్లాడాలి. అంత వ్యవధి ఎందుకంటే, నివారణకు ఎక్కువగా వాడే వెరాపమిల్ మోతాదును నెమ్మదిగా పెంచాలి. సాధారణంగా రోజుకు 240 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి, ఈసీజీ చూస్తూ, వారం పది రోజులకో రెండు వారాలకో ఒకసారి పెంచుతారు. ఇది గుండెలో విద్యుత్ ప్రవాహాన్ని మందగింపజేయగలదు గనుక ఈసీజీ లేకుండా పెంచుకోవడం ప్రమాదం. కొండ మీద కొత్తగా మొదలుపెట్టే మందు ఇది కాదు.

కొండ ప్రయాణానికి వాడే మందులు, క్లస్టర్‌కు వాడే మందులు ఒకదానితో ఒకటి ఎక్కడ తగువు పడతాయో తెలుసుకోవడం ఈ సంప్రదింపులో అన్నిటికంటే ముఖ్యమైన పని. సామాన్యంగా ఈ రెంటినీ రాసిచ్చే వైద్యులు వేర్వేరుగా ఉంటారు, ఒకరు రాసింది మరొకరు చూడరు. ఎత్తు జబ్బు (ఎత్తైన చోటికి ఒళ్లు అలవాటు పడక వచ్చే జబ్బు) రాకుండా ప్రయాణానికి ముందు రోజు నుంచి అసిటజోలమైడ్ 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. మీరు నివారణకు టోపిరమేట్ వాడుతుంటే ఆ రెండూ ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి. రక్తంలో ఆమ్లగుణం పెరగడానికి, కిడ్నీలో రాళ్లు ఏర్పడడానికి అవకాశం హెచ్చుతుంది. నివారణకు లిథియం వాడేవారి సమస్య వేరు. అసిటజోలమైడ్ లిథియంను మూత్రంలో బయటికి పంపి రక్తంలో దాని పాళ్లు తగ్గిస్తుంది, కొండ మీద ఒళ్లు ఎండిపోతే అదే లిథియం విషస్థాయికి చేరవచ్చు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నిఫెడిపిన్ ఇస్తారు; వెరాపమిల్ వాడుతున్నవారికి అది కలిస్తే రక్తపోటు బాగా పడిపోవచ్చు. అదే అవసరానికి వాడే సిల్డెనఫిల్, టడలఫిల్ విడత నడుస్తున్నవారిలో పోటును రేపగలవు.

మన యాత్రికుల సంచుల్లో తరచుగా కనిపించే సార్బిట్రేట్ మాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గుండె పట్టేసినట్టుంటే నాలుక కింద పెట్టుకునే ఈ మాత్ర నైట్రేట్ జాతికి చెందినది. క్లస్టర్ పోటును రప్పించడంలో నైట్రేట్లు పేరుపడినవి. గుండెజబ్బు ఉన్నవారికి అవసరమైన వేళ దానిని ఆపకూడదు. కానీ గుండెజబ్బు లేనివారు పక్కవారి మాట విని ‘ఎందుకైనా మంచిది’ అని వేసుకోకూడదు.

విడత మొదలైతే వాడడానికి కొందరికి ప్రెడ్నిసోలోన్ కోర్సు రాసిస్తారు. స్టెరాయిడ్లు ఎత్తు జబ్బు లక్షణాలను కప్పివేయగలవు, ఎత్తు మీద ఉండగా ఉన్నట్టుండి ఆపితే ఆ లక్షణాలు బయటపడవచ్చు. కాబట్టి ఆ కోర్సు మొదలుపెట్టవలసి వచ్చిందంటే ప్రయాణం ముగించుకుని దిగవలసిన సమయం వచ్చిందని భావించడం క్షేమం.

పోటు వచ్చినప్పుడు వాడే మందుల్లో సుమట్రిప్టాన్ 6 మి.గ్రా. ఇంజెక్షన్ అన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది. చర్మం కింద వేసుకుంటే చాలామందికి పావుగంటలో నొప్పి దిగుతుంది. 24 గంటల్లో రెండుకు మించకూడదు, రెంటికీ మధ్య కనీసం గంట విరామం ఉండాలి. జోల్మిట్రిప్టాన్ 5 మి.గ్రా. ముక్కు స్ప్రే దాని తర్వాతి స్థానంలో ఉంది. నొప్పి పక్క ముక్కు దిబ్బడ వేసి ఉంటుంది గనుక రెండో పక్క రంధ్రంలో కొట్టుకోవడం మేలు. మింగే మాత్రలు పనిచేసే లోపలే పోటు తన దారిన పోతుంది. గుండె రక్తనాళాల జబ్బు, పక్షవాతం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ట్రిప్టాన్లు వాడరాదు. మరొక మాట కూడా ఉంది: జీవితంలో మొదటి సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ కొండ మీద వేసుకోకూడదు. ఈ మందు కొందరికి ఛాతీ బిగుసుకుపోయినట్టు చేస్తుంది. ఇంట్లో ఉండగా ఆ అనుభవం ఒకసారి అయి ఉంటే గుర్తుపట్టగలరు. లేహ్‌లో మొదటిసారి అయితే అది మందు వల్లనా, గుండె వల్లనా, ఊపిరితిత్తుల్లో నీటి వల్లనా అనేది ఎవరికీ అంతుబట్టదు.

నాలుగవ మెట్టు: ఆక్సిజన్‌ను లీటర్లలో లెక్క కట్టడం

అందరూ తేలిగ్గా తీసుకునేది, చివరికి ఇబ్బంది పడేది ఇక్కడే. లండన్‌లో జరిగి 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు ఆక్సిజన్ ఇచ్చినప్పుడు 78 శాతం పోట్లకు ఉపశమనం కలిగింది. మామూలు గాలి ఇచ్చినప్పుడు కలిగిన ఉపశమనం 20 శాతమే. అంటే క్లస్టర్‌కు కావలసింది నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల ప్రవాహం, అది కూడా సంచి తగిలించిన, వదిలిన ఊపిరి తిరిగి లోపలికి రాని నాన్ రీబ్రీదర్ మాస్క్ ద్వారా. ఎత్తు జబ్బు కోసం హోటళ్లలో, టాక్సీలలో పెట్టే చిన్న సిలిండరు ముక్కు గొట్టంతో నిమిషానికి రెండు నుంచి నాలుగు లీటర్లు ఇస్తుంది. అది ఈ నొప్పికి చాలదు.

ఎత్తు మీద స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో బలం మిగులుతుందా అనే సందేహం సహజం. లేహ్‌లో గాలి పీడనం సుమారు 490 మిల్లీమీటర్ల పాదరసం. ఊపిరితిత్తుల్లోని నీటి ఆవిరికి 47 పోతే, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినప్పుడు లోపలికి వెళ్లే దాని పీడనం దాదాపు 440 ఉంటుంది. సముద్ర తీరంలో మామూలు గాలి పీల్చినప్పుడు అది 150 మాత్రమే. అంటే మాస్క్ సరిగా బిగించి పీలిస్తే లేహ్‌లో కూడా తీరంలోని గాలి కంటే దాదాపు మూడు రెట్ల ఆక్సిజన్ అందుతుంది. తీరంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చే 710తో పోలిస్తే ఇది తక్కువే గనుక మాస్క్ పక్కల నుంచి గాలి చొరబడకుండా చూసుకోవడం మైదానంలో కంటే ఇక్కడ ఎక్కువ అవసరం.

ఇప్పుడు సిలిండరు లెక్క. బి టైపు సిలిండరులో నిండుగా ఉన్నప్పుడు సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 15 లీటర్ల చొప్పున 20 నిమిషాలు వాడితే ఒక పోటుకు 300 లీటర్లు ఖర్చవుతాయి. అడుగున కొంత మిగులు ఉంచాలి గనుక ఒక బి టైపు సిలిండరు నాలుగు పోట్లకు వస్తుందని అనుకోవాలి. రోజుకు రెండు పోట్లు వచ్చే మనిషికి అది రెండు రోజులు. దుకాణాల్లో అమ్మే స్ప్రే డబ్బాల వంటి ఆక్సిజన్ క్యాన్లలో పది లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మనకు కావలసిన ప్రవాహంలో అది ఒక్క నిమిషం కూడా రాదు. 2021లో కోవిడ్ రెండో విజృంభణ వేళ మన ఇళ్లలోకి వచ్చిన, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే 5 లీటర్ల కాన్సంట్రేటర్ యంత్రం కూడా దీనికి సరిపోదు. తయారీదారు చెప్పిన ఎత్తు దాటితే దాని పనితనం ఇంకా తగ్గుతుంది, కరెంటు పోతే అసలే ఉండదు.

నిండిన సిలిండరును విమానంలో వెంట తీసుకువెళ్లడం కుదిరే పని కాదు. కాబట్టి లేహ్‌లో అద్దెకు ఇచ్చేవారితో బయలుదేరే ముందే ఫోనులో మాట్లాడి, సిలిండరు పరిమాణం ఎంత, ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటరు 15 లీటర్ల దాకా వెళుతుందా, ఖాళీ అయితే ఎంతసేపట్లో మార్చి ఇస్తారు అని అడగాలి. నాన్ రీబ్రీదర్ మాస్క్‌లు మాత్రం మీ ఊరి సర్జికల్ దుకాణంలో రెండు మూడు కొని పెట్టెలో వేసుకోవాలి. తేలికైనవి, అక్కడ దొరక్కపోతే మిగతా ఏర్పాటంతా వృథా. లేహ్ చేరిన మొదటి రోజునే ఫ్లోమీటరు బిగించి, తిప్పి చూసి, వెంట వచ్చినవారికి నేర్పాలి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఇంత ప్రవాహంలో ఆక్సిజన్ వాడవచ్చో లేదో వైద్యుణ్ణి ముందే అడగాలి.

ఐదవ మెట్టు: నెమ్మదిగా ఎక్కడం

3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యుల నియమం. భారత సైన్యం తన జవాన్లను 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య 6 రోజులు ఉంచి అలవాటు చేశాకే పైకి పంపుతుంది. ఆరోగ్యవంతులైన జవాన్లకే అంత వ్యవధి ఇస్తున్నప్పుడు, ఢిల్లీ నుంచి ఉదయం విమానంలో దిగి మర్నాడు ఖార్దుంగ్ లా ఎక్కడం ఈ జబ్బున్నవారికి ఎంతమాత్రం తగదు.

వీలుంటే శ్రీనగర్ దారి ఎంచుకోవాలి. సుమారు 1,600 మీటర్ల శ్రీనగర్‌లో ఒక రాత్రి, 2,700 మీటర్ల దగ్గర ఉండే సోనామార్గ్‌లోనో కార్గిల్‌లోనో ఒకటి రెండు రాత్రులు గడిపి లేహ్ చేరితే ఒంటికి అలవాటు పడే సమయం దొరుకుతుంది. మనాలి దారిలో వచ్చేవారు 4,290 మీటర్ల సర్చులో రాత్రి బస చేయకూడదు. విమానంలో లేహ్ చేరవలసి వస్తే మొదటి రెండు రోజులు హోటల్ దాటవద్దు, తర్వాత కూడా మూడు నాలుగు రోజులు పట్టణంలోనే ఉండండి.

పాంగాంగ్ సరస్సు విషయంలో చాలామంది గమనించని ప్రమాదం ఒకటి ఉంది. అక్కడి నుంచి మామూలు దారిలో లేహ్‌కు దిగాలంటే ముందు 5,300 మీటర్లకు పైనున్న చాంగ్ లా కనుమ ఎక్కాలి. నుబ్రా లోయ లేహ్ కంటే పల్లంలో ఉన్నా, తిరిగి రావడానికి ఖార్దుంగ్ లా దాటాలి. నొప్పి ముదిరిన మనిషిని దించడం కోసం ఇంకా పైకి ఎక్కించవలసి వస్తుంది. అందుకని ఈ రెండు చోట్లా రాత్రి బస పెట్టుకోకుండా, నిండు సిలిండరు కారులో పెట్టుకుని పగటిపూట వెళ్లి రావడమే మంచిది. అది కూడా లేహ్‌లో వారం గడిచి, ఒక్క పోటూ రానప్పుడు మాత్రమే. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు గనుక వెంట ఒక పోస్ట్‌పెయిడ్ ఫోను తప్పనిసరిగా ఉండాలి.

ఆరవ మెట్టు: రాత్రులు

ఈ జబ్బులో పోట్లు నిద్రపట్టిన గంటా రెండు గంటల్లో రావడం మామూలు. ఎత్తు మీద నిద్రలో ఊపిరి కాసేపు వేగంగా ఆడి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగిన క్షణాల్లో రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. అసిటజోలమైడ్ దీనిని కొంత సరిచేస్తుంది. నిద్రమాత్రలు, మద్యం దీనిని చెడగొడతాయి. విడత నడుస్తున్న మనిషికి మద్యం గంటలోపే పోటు తెప్పించగలదు, లద్దాఖీ ఇళ్లలో ఆదరంతో ఇచ్చే ఛంగ్ కూడా మద్యమే. పగటి కునుకు కూడా కొందరికి పోటు తెస్తుంది. సిలిండరు, మాస్క్, ఇంజెక్షన్ మంచం పక్కనే చేతికందేలా ఉండాలి. సుమట్రిప్టాన్ 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి గనుక చలి రాత్రుల్లో దానిని ఒంటిమీది బట్టల లోపలి జేబులో పెట్టుకోవాలి.

గదిని వెచ్చబరిచే బుఖారీ పొయ్యి విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. కిటికీలన్నీ మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్ తానే తలనొప్పి తెప్పించి, ప్రాణం కూడా తీయగలదు. ఆక్సిజన్ తెరిచిన గదిలో నిప్పు ఉంటే అగ్నిప్రమాదం జరుగుతుంది. బుఖారీ, సిగరెట్, అగరుబత్తి ఏది వెలుగుతున్నా సిలిండరు తెరవకూడదు.

ఏడవ మెట్టు: పోటు వచ్చిన క్షణం నుంచి

నొప్పి మొదలవుతున్న జాడ తెలిసిన వెంటనే గడియారం చూసుకోండి. కూర్చుని కొంచెం ముందుకు వంగి, మాస్క్ సంచిని ముందుగా నింపుకుని, ముఖానికి బిగించి, 12 నుంచి 15 లీటర్ల మీద 15 నుంచి 20 నిమిషాలు పీల్చండి. నొప్పి తగ్గగానే మాస్క్ తీసేయకుండా ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. పావుగంటకు కూడా దిగకపోతే, లేదా నొప్పి మొదటి నిమిషాల్లోనే పూర్తి తీవ్రతకు చేరే అలవాటు మీకుంటే, సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ ఆలస్యం చేయకుండా వేసుకోండి.

ఈలోగా వెంట ఉన్నవారు వేరే పని చేయాలి. ఇది మామూలు క్లస్టరేనా, ఎత్తు జబ్బా అని వారు పరిశీలించాలి. ఎత్తు జబ్బు తలనొప్పి సాధారణంగా పైకి చేరిన 6 నుంచి 12 గంటల్లో మొదలై, తల అంతా ఆవరిస్తుంది, వంగితే ఎక్కువవుతుంది, వికారం, నీరసం, తల తిరగడం వెంట ఉంటాయి. ఒక పక్క కన్ను ఎర్రబడి నీరు కారుతూ, మనిషి కుదురుగా ఉండలేకపోతుంటే క్లస్టర్ అనుకోవచ్చు. ఒక హెచ్చరిక: ఆక్సిజన్‌తో తగ్గింది గనుక ఇది క్లస్టరే అని తీర్మానించకూడదు. ఎత్తు జబ్బు తలనొప్పి కూడా ఆక్సిజన్‌తో పది పదిహేను నిమిషాల్లో తగ్గుతుంది. రెండూ ఒకేసారి ఉండవచ్చు కూడా. అందువల్ల పోటు దిగాక, మనిషిని లేపి, ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనేలా గీత మీద నడిపించి చూడాలి. తూలితే, మాట తికమకగా ఉంటే, మగతగా ఉంటే అది మెదడు వాపు. కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెంటిలో ఏదైనా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆక్సిజన్ మీదే ఉంచి కిందికి దించాలి, లేహ్‌లో ఉంటే సోనం నుర్బూ స్మారక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, ఒక పక్క బలహీనత, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కంటిచూపు మసకబారి దీపాల చుట్టూ వలయాలు కనిపించడం, పోటు పోయాక కూడా రెప్ప వాలి ఉండడం, ఎన్నడూ లేని విధంగా రెండో పక్క నొప్పి రావడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది పాత జబ్బే అని ఇంటి వైద్యంతో సరిపెట్టకూడదు. ఎత్తు మీద రక్తం చిక్కబడి మెదడు సిరల్లో గడ్డ కట్టిన సందర్భాలు సైనికులలో నమోదయ్యాయి. వాటిలో మొదటి లక్షణం తరచుగా తలనొప్పే.

వెంట ఉన్నవారికి మరొక బాధ్యత ఉంది. ఈ నొప్పిలో మనిషి అరవవచ్చు, గోడకు తల బాదుకోవచ్చు, చచ్చిపోతే బాగుండునని అనవచ్చు. ఆ మాటను నొప్పి మీదికి తోసి వదిలేయకుండా, పోటు దిగేదాకా ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండాలి. నొప్పి దిగాక కూడా ఆ ఆలోచన పోకపోతే తెలుగులో మాట్లాడే సలహాదారులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో ఏ వేళైనా అందుబాటులో ఉంటారు.

ఎనిమిదవ మెట్టు: మర్నాటి నిర్ణయం

ఒక పోటు వచ్చి, ఆక్సిజన్‌తో పూర్తిగా దిగి, ఎత్తు జబ్బు లక్షణాలు ఏవీ లేకపోతే ఆ రోజు అదే ఎత్తులో ఉండి చూడవచ్చు. పైకి మాత్రం వెళ్లకూడదు. 24 గంటల్లో రెండో పోటు వస్తే విడత మొదలైందని లెక్క. అప్పుడు మిగిలిన కార్యక్రమం రద్దు చేసుకుని దిగాలి. లేహ్ నుంచి ఢిల్లీ విమానాలు ప్రధానంగా ఉదయం పూటే ఉంటాయి గనుక టికెట్‌ను ముందు రోజు మధ్యాహ్నమే మార్పించుకోవాలి. విమానం లోపలి పీడనం కూడా 2,400 మీటర్ల ఎత్తుకు సమానం దాకా తగ్గవచ్చు. ఇంజెక్షన్‌ను, డాక్టరు చీటీని చేతి సంచిలో ఉంచుకుని, ఆక్సిజన్ అవసరం పడవచ్చని విమాన సంస్థకు టికెట్ మార్చేటప్పుడే చెప్పాలి. ఆ రోజు విమానం దొరక్కపోతే, పెద్ద కనుమ దాటే పని లేకుండా సింధు నది వెంట రోడ్డు మీద 3,000 మీటర్ల దగ్గర ఉన్న ఖల్సీ వైపు దిగి రాత్రి గడపవచ్చు. ఆసుపత్రికి దూరమవుతారు గనుక, ప్రమాద లక్షణాలు ఏవీ లేనప్పుడే, సిలిండరు వెంట ఉంచుకుని ఆ పని చేయాలి.

ప్రతి పోటుకూ వచ్చిన సమయం, అప్పుడున్న ఎత్తు, వేలికి పెట్టి చూసిన ఆక్సిజన్ శాతం, వాడిన మందు, ఎన్ని నిమిషాలకు దిగిందీ రాసి ఉంచండి. తిరిగి వచ్చిన వారంలో ఆ కాగితం న్యూరాలజిస్టుకు చూపిస్తే, నివారణ మందు మోతాదు మార్చాలా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో పరీక్షించాలా అనేది ఆయన దాన్ని బట్టి నిర్ణయించగలరు.